గాసి తాత రుచి చూసిన సీసా

2006లో నేను అరకులోయలోని ఒక చిన్న పరిశోధనశాలలో టెక్నీషియన్‌ని. కొండల్లో దొరికే వేర్లలో నులిపురుగుల మందు ఏదైనా ఉందేమో వెతకడం మా పని. అందుకోసం మట్టిలో బతికే, మనుషులకు ఏ హానీ చెయ్యని సన్నని పురుగుల్ని పెంచేవాళ్లం. కంటికి సరిగ్గా ఆనని వాటిని చేత్తో ఏరడం అయ్యే పని కాదు కాబట్టి సార్టర్ అనే మెషీన్ ఉండేది. పురుగులు కలిసిన నీళ్లు సన్నని ట్యూబులోంచి పోతుంటే లేజర్ కాంతి ఒక్కోదాని పొడవు కొలుస్తుంది. సైజు సరిపోయినవి ప్లేటులోని చిన్న చిన్న గుంతల్లో పడతాయి. మిగతావాటిని గాలి ఊది పక్కకు తోసేస్తుంది. ఆ గుంతల్లో వేరు సారం కలిపి, ఏవి చచ్చాయో చూస్తాం. ట్యూబు రోజుకోసారైనా మూసుకుపోకపోతే ఆ మెషీన్‌కి తోచదు.

మాకు వేర్లిచ్చే గాసి తాత ముంచింగిపుట్టు వైపు నాటు వైద్యుడు. తన వేరుతో మేమేం చేస్తున్నామో చూద్దామని ఒకరోజు వచ్చాడు. మైక్రోస్కోపులో పురుగుల్ని చూపించాను. వీటికి నా మందే పెడతారా అని అడిగాడు. అవునన్నాను. ఇంతలో ట్యూబు మూసుకుపోతే అటు తిరిగి శుభ్రం చేస్తున్నాను. మళ్లీ ఇటు తిరిగేసరికి తాత మూతి తుడుచుకుంటున్నాడు. బల్ల మీది సీసా మూత తీసి ఉంది.

అది మందు కాదు. వేరు పొడిని మిథనాల్‌లో నానబెట్టిన ద్రవం. మిథనాల్ అంటే సారం లాగడానికి వాడే ఒక స్పిరిట్. దాన్ని పూర్తిగా ఆరబెట్టాకే మిగిలిన సారాన్ని పురుగులకు పెడతాం. మనిషి తాగితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోవచ్చు.

ఎందుకు తాగావని అడిగితే ఆయన నన్నే వింతగా చూశాడు.

“మందిచ్చినోడు ముందు తాగాల గదమ్మా. పురుగైనా పేణమే.”

అరకు ఆసుపత్రిలో డాక్టరు చెయ్యగలిగింది చేసి, వెంటనే విశాఖ తీసుకెళ్లమన్నాడు. కళ్ల మీద ప్రభావం ఆలస్యంగా కూడా కనిపించవచ్చని చెప్పాడు. జీపులో తాత పక్కనే కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా ఏం కనిపిస్తోందని అడుగుతూనే ఉన్నాను. ఆయన విసుక్కోకుండా కాఫీ తోటన్నాడు, మేకలన్నాడు, కల్వర్టన్నాడు. అనంతగిరి దగ్గర మాట ఆగిపోయింది. మళ్లీ అడిగాను.

“అంతా తెల్లగున్నాదమ్మా. ఏటీ అగుపడ్డం నేదు.”

మిథనాల్ కళ్లకెక్కితే మొదట అలాగే తెల్లగా కనిపిస్తుందని చదివాను. కిటికీలోంచి చూస్తే బయట మంచు కమ్మేసి ఉంది. డ్రైవరు తల బయటపెట్టి బండి నడుపుతున్నాడు. తాతకు కనిపిస్తున్నది మంచా, చీకటికి ముందు వచ్చే తెలుపా? నా వేళ్లు చూపించి ఎన్ని అని అడిగితే తేలిపోయేది. చెయ్యి ఒళ్లోంచి పైకి లేవలేదు. ఆ జవాబంటే అంత భయం వేసింది నాకు.

ఘాట్ దిగుతుండగా ఎండ పడింది. తాత నా ముఖంలోకి చూశాడు.

“నీ బొట్టు ఊడిపోనాదమ్మా.”

నుదురు తడుముకున్నాను. నిజంగానే లేదు. ఏడుపు ఆపుకోలేకపోయాను. విశాఖలో వైద్యం బాగా అందింది. తాత కళ్లు దక్కాయి. కాస్త తేరుకోగానే పురుగులు బతికాయా అని అడిగాడు.

ఆ సీసా మీద ఎర్ర అక్షరాలున్నాయి, పుర్రె బొమ్మ ఉంది. తాగవద్దని చెప్పడానికి అవి చాలనుకున్నాం. ఇచ్చే ముందు తాగి తీరాలనుకునే మనిషి ఉంటాడని మాకు తట్టలేదు. ఇప్పటికీ ఎవరైనా వేరు తెస్తే, దీన్ని ఇంకొకరికి పెట్టే ముందు మీరేం చేస్తారని అడుగుతాను. జవాబు విన్నాకే మెషీన్ గది తలుపు తీస్తాను.