వేళ్ళు కడిగిన రోజు

మా పిన్నికి నారక్క అని పేరు పెట్టిందెవరో ఇప్పుడెవరికీ గుర్తులేదు. మట్టి లేకుండా, గొట్టాల్లో పారే నీళ్ళలోనే ఆకుకూరలు పెంచే షెడ్డులో మా ఉద్యోగం. అందులో నారు పోసేది ఆవిడ కాబట్టి నారక్క. నన్ను మాత్రం అందరూ బోటనీ అంటారు. నా డిగ్రీకి ఇస్తున్న గౌరవం అనుకుని మొదటి నెలంతా మురిసిపోయాను. ట్రే జారవిడిచినప్పుడల్లా "అదుగో బోటనీ" అంటున్నారని రెండో నెలలో గమనించాను.

పిన్ని ఎనిమిదేళ్ళ కిందట అక్కడ ట్రేలు కడగడానికి చేరింది. రోజూ చెత్తబుట్టలో పడే బేసిల్ అనే సీమతులసి చివర్లు చూసి ప్రాణం ఉసూరుమని, ఒకరోజు రెండు ఇంటికి తెచ్చి, వంటింటి కిటికీలో గ్లాసు నీళ్ళలో పెట్టింది. వారానికల్లా తెల్లటి వేళ్ళొచ్చాయి. ఆ రాత్రి బాబాయి చూసుకోకుండా ఆ గ్లాసు ఎత్తి తాగబోతే మీసానికేదో మెత్తగా తగిలి కెవ్వుమన్నాడట. మర్నాడు పిన్ని ఆ గ్లాసును బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి, షెడ్డు యజమాని ముందు పెట్టింది. అందరం సారు అనేది ఆయన్నే. ఆయన వేళ్ళకేసి చూసి, పిన్నికేసి చూసి, వెనకాల ఉన్న సామాన్ల గది ఖాళీ చేయించి ఇచ్చారు.

అదే నారు గది. మూడు అరల రాక్‌లు రెండు, వాటికి ట్యూబు లైట్లు, తడి స్పాంజి ముక్కల వాసన, ఒక స్టూలు. పిన్ని ఆ స్టూలు మీద కూర్చుని ఒక్కో స్పాంజి ముక్కలో ఒక్కో గింజ పెడుతుంది. కూర్చుని చేసే పని కాబట్టే ఆవిడ మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి. మొలకకి అసలు ఆకులు విచ్చేదాకా ఉత్త నీళ్ళే. తర్వాతే పోషకాలు, అవీ బాగా పలచగా. నేనోసారి త్వరగా పెరుగుతాయని చిక్కగా కలిపితే, "పుట్టిన రోజే విందు భోజనం పెడతావేంటే?" అని మొత్తం పారబోయించింది.

చేరిన మూడో రోజే నేను ఆవిడకి ఎనిమిది పేజీల అభివృద్ధి ప్రణాళిక టైపు చేసి ఇచ్చాను. శ్రద్ధగా నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న స్టూలు కాలి కింద పెట్టింది. ఊగడం ఆగింది. నా చదువు వల్ల ఆ గదిలో అప్పటిదాకా జరిగిన మేలు అదొక్కటే.

ఒక సోమవారం సారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

"నారక్కా, బయట రెడీమేడ్ నారు దొరుకుతోంది. వారం వారం వ్యాన్లో తెచ్చి దింపుతారట. ఈ గది తీసేసి ఇక్కడ కూడా గొట్టాలు వేద్దామనుకుంటున్నా."

"మరి నేనో?"

"ప్యాకింగ్‌లో ఒక మనిషి కావాలి. అక్కడికి వద్దువుగాని."

ప్యాకింగ్ అంటే చల్లగది. ఎనిమిది గంటలు నిలబడే ఉండాలి. పిన్ని తన మోకాళ్ళ మాట ఎత్తనే లేదు. ట్రేకేసి చూపించింది.

"ఇవి నూట ఇరవై బేసిల్ మొక్కలు సారూ. ఎల్లుండి గొట్టాల్లోకి వెళ్తాయి. రెండు వారాలకి వచ్చి చూడండి. పదింట తొమ్మిది బతికుంటే గది ఉంచండి. లేకపోతే నేనే తాళం మీ చేతిలో పెడతా."

"మాటంటే మాటే. నూట ఎనిమిదికి ఒక్కటి కూడా తగ్గకూడదు."

"తగ్గదు."

ఆ 'తగ్గదు' అన్నప్పుడు పాపం పిన్ని నన్ను లెక్కలోకి తీసుకోలేదు.

బుధవారం పిన్నికి కంటి డాక్టరు దగ్గర పని పడింది. నేను మూలన కూర్చుని పోషకాల ఉప్పులు తూస్తున్నాను. వేళ్ళ నిండా తెల్లటి పొడి. పిన్ని సంచి భుజాన వేసుకుని, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఏమే, వేళ్ళు శుభ్రంగా కడిగి, అప్పుడు పెట్టు గొట్టాల్లో. మర్చిపోకు."

"నాకు తెలుసులే పిన్నీ."

నా జీవితంలో జరిగిన నష్టాలన్నీ ఈ మాట వెనకాలే వచ్చాయి.

సరిగ్గా ఆ వారమే నేనొక పుస్తకంలో చదివాను, మట్టిలో పెరిగిన మొక్కని నీళ్ళ పద్ధతిలోకి మార్చేటప్పుడు వేళ్ళకున్న మట్టంతా కడిగెయ్యాలని. మన ట్రేలో మట్టి ఎక్కడుంది అని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజం. కానీ చదువుకున్నదాన్ని కదా, కంటికి కనపడని మట్టి కూడా ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. నూట ఇరవై మొక్కల్నీ స్పాంజి ముక్కల్లోంచి ఊడబెరికి, ఒక్కోదాన్నీ కుళాయి కింద పట్టి, బొటనవేలితో రుద్ది రుద్ది కడిగాను. మూడు గంటలు పట్టింది. నా మొక్కల ఛానెల్ కోసం వీడియో కూడా తీశాను. దాన్ని చూసేవాళ్ళు పదకొండు మంది, అందులో నలుగురు బంధువులు, ఒకటి నా పాత ఫోను.

పిన్ని తిరిగొచ్చేసరికి మొక్కలన్నీ గొట్టాల అంచుల మీంచి తలలు వేలాడేసి ఉన్నాయి.

"ఏం చేశావే?"

"నువ్వు చెప్పిందే. వేళ్ళు కడిగి పెట్టాను."

పిన్ని సింకులోకి చూసింది. జల్లెడలో తెల్లటి పీచు ఇంత ముద్దగా పేరుకుని ఉంది. నెమ్మదిగా నా చెయ్యి పట్టుకుని నా కళ్ళ ముందు పెట్టింది.

"ఇవే, ఇవి! ఉప్పు చేతులతో ముట్టుకుంటే లేత వేళ్ళు మాడిపోతాయని, ఈ వేళ్ళు కడగమన్నానే!"

వేలు ఒకటే ఉన్నా, వేరు ఒకటే ఉన్నా తేడా తెలిసేది. గుంపులో కలిస్తే రెండూ వేళ్ళే. ఆ క్షణంలో నోరు మూసుకోవడం ఉత్తమం. నేను తెరిచాను.

"అలాగైతే కడుక్కో అనాలి పిన్నీ. కడుగు అంటే ఎదుటివాళ్ళవి అని అర్థమొస్తుంది."

"వ్యాకరణమా! ఇప్పుడా!" అంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"కత్తెర ఇటు తే. కింద పోయాయి సరే, పైన తలలున్నాయిగా. ముందు చేతులు కడుక్కో. చేతులు! నీవి!"

మొక్కలు బెత్తెడు ఎత్తున ఉన్నాయి. ఒక్కోదాన్నీ కణుపుకి కాస్త కిందగా కోసింది. కొత్త వేళ్ళొచ్చేది అక్కణ్ణించే. కింది ఆకులు గిల్లేసింది.

"అన్ని ఆకులెందుకు తీస్తున్నావు?" అన్నాను.

"తాగడానికి నోరే లేదు దానికి. ఇంతమందికి నీళ్ళెక్కణ్ణించి తెస్తుంది?"

బొత్తిగా వడలిపోయినవి పాతిక దాకా తేలాయి. వాటి బదులు తను దాచుకున్న రెండు ముసలి తల్లి మొక్కల నుంచి చివర్లు తీసింది. అన్నిటినీ ఉత్త నీళ్ళలో తడిపిన స్పాంజి ముక్కల్లో గుచ్చి, లైటు తగ్గించి, తేమ పోకుండా ప్లాస్టిక్ మూతలు బోర్లించింది. మళ్ళీ నూట ఇరవై అయ్యాయి.

ఆరో రోజు వేళ్ళొచ్చాయేమోనని ఒకదాన్ని కొంచెం లాగి చూశాను. వచ్చాయి. మొక్కతో పాటు నా చేతిలోకి వచ్చాయి. నూట పందొమ్మిది. ఆ తర్వాత పిన్ని నన్ను రాక్‌కి మూడడుగుల దూరంలో నిలబెట్టి మాట్లాడేది.

తొమ్మిదో రోజు స్పాంజి అడుగున తెల్లటి వేళ్ళు కనపడ్డవాటిని గొట్టాల్లోకి మార్చింది. సారు రావాల్సిన రోజు పొద్దున నన్ను పక్కకి పిలిచింది.

"నువ్వు నోరు తెరవకు. నేను చూసుకుంటా."

సారు వచ్చారు. ఒక్కో మొక్కనీ గొట్టంలోంచి ఎత్తి కింద చూసి మరీ లెక్కపెట్టారు. తొంభై ఏడు. మళ్ళీ లెక్కపెట్టారు. తొంభై ఏడే.

"ఏంటి నారక్కా, ఇలా పొట్టిగా ఉన్నాయి? తగ్గాయి కూడా."

"నా గదిలో జరిగింది. తప్పు నాదే సారూ," అని పిన్ని జాకెట్టు జేబులోంచి తాళంచెవి తీసింది.

ఇక నావల్ల కాలేదు. "సార్, వేళ్ళు కడిగింది నేను!" అని మొదలుపెట్టి, ఉప్పు, కుళాయి, కత్తెర, ఊడొచ్చిన నూట ఇరవయ్యో మొక్కతో సహా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అడక్కపోయినా వీడియో కూడా చూపించాను. ఆయన దాన్ని చివరిదాకా చూశారు. నా వీడియోని చివరిదాకా చూసిన మొదటి మనిషి ఆయనే.

"అంటే, వేళ్ళు ఒక్కటీ లేని మొక్కలు పన్నెండు రోజుల్లో ఇలా అయ్యాయా?"

"అయ్యాయి సారూ," అంది పిన్ని.

"వ్యాన్లో వచ్చే నారుని ఈ అమ్మాయి ఇలాగే కడిగేస్తే?"

"ఈ గది లేకపోతే చెత్తబుట్టే."

సారు ఫోను నా చేతికిచ్చేసి మళ్ళీ గొట్టాలకేసి చూశారు.

"గది ఉండనీ. తాళం లోపల పెట్టుకో," అని నాకేసి తిరిగారు. "బోటనీ, ప్యాకింగ్‌లో ఒక మనిషి కావాలన్నాను కదా."

ఇప్పుడు నేను చల్లగదిలో స్వెట్టర్ వేసుకుని, ఎనిమిది గంటలు నిలబడి బేసిల్ కట్టలు కడుతున్నాను. మోకాళ్ళు లాగుతున్నాయి. నిన్న మధ్యాహ్నం పిన్ని గుమ్మంలోంచి తొంగి చూసింది.

"ఎలా ఉందే పని?"

"బాగుంది పిన్నీ. ఇక్కడికొచ్చేవన్నీ ముందే కోసేసినవి. చంపడానికి నాకేం మిగల్లేదు."