నేను చదివిన ఇతిహాసం

కలకత్తాలో హౌరా స్టేషన్‌కు వెళ్లే బస్సు గంగ వంతెన మధ్యలో ఆగి ముప్పావుగంట అయింది. నిలబడ్డవాళ్లంతా కూర్చున్న మా మీదకే ఒరిగి ఉన్నారు, దిగే దారి లేదు. నేను ఫోన్లో నాన్నతో తెలుగులో మాట్లాడటం విని, కిటికీ పక్కనున్న పెద్దావిడ నా వైపు తిరిగింది. ఇక్కడి ఏక్‌బాల్‌పూర్‌ పేటలో చెల్లెల్ని చూసి రైల్లో ఊరికి వెళ్లిపోతోందట.

“కాలేజీలో ఏటి సదువుతావమ్మా?”

“ఇతిహాసం, పెద్దమ్మా.” హిస్టరీని బెంగాలీలో అలాగే అంటారు. ఇక్కడ పుట్టిన నాకు తెలుగులోనూ అదే మాట.

ఆవిడ సంబరపడింది. “రామాయణం, భారతమా? బస్సు కదిలేదాకా ఓ కత సెప్పు మరి.”

“కతలు కాదు. నిజంగా జరిగినవి.”

“అది సదివితే జీతం ఎంతొస్తాది?”

ఆ లెక్క అప్పటికే వేసుకున్నాను. సీనియర్లకు వస్తున్న జీతంలో సగం చదువు అప్పు కిస్తీకే పోతుంది. ఎవరికీ చెప్పనిది ఆవిడకు చెప్పేశాను. మున్సిపాలిటీ చెత్తబండి నడిపే నాన్న ఆ అప్పు కోసమే బ్యాంకులో కూర్చున్నాడని కూడా చెప్పాను.

“ఈ లెక్క మీ నాయనకి తెలుసునా?”

“డిగ్రీ అవగానే పెద్ద ఉద్యోగం వస్తుందని చెప్పాను.”

“మరి కతలు కాదన్నావు,” అంది ఆవిడ మెల్లగా.

అంతలో నాన్న మళ్లీ ఫోన్ చేశాడు. “సంతకం పెట్టేసినానమ్మా,” అన్నాడు. బస్సు ఇంకా అక్కడే ఉంది.

ఇది జరిగి ఏళ్లయింది, నాన్న రిటైరయ్యాడు. ఈ నెల కిస్తీ కూడా ఆయన పింఛన్లోంచే పోయింది. వచ్చే నెల నుంచి నేనే కడతానని చెప్పాను.