గార్డుగారమ్మాయి పరుగు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్లో మా పక్క క్వార్టరు గార్డుగారమ్మాయి కుదురుగా నడవడం నేనెప్పుడూ చూళ్ళేదు. "నెమ్మదిగా నడవలేవేటే?" అని వాళ్ళమ్మ అరుస్తూనే ఉండేది. డ్యూటీ దిగిన సాయంత్రాలు వాళ్ళ నాన్న, రైలు కదలమని ఊదే ఈలనే గ్రౌండులో ఊదేవారు. ఈల వినబడితే చాలు, ఈమె ఫుట్‌బాల్‌తో దూసుకుపోయేది.

కలకత్తాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు, ఈమెని మేచి ఆడించి చూసి, నచ్చితే జీతమిచ్చి పెట్టుకుంటామన్నారు. గార్డుగారితో మేమూ వెళ్ళినాం. ఆమెకి బంతి అందగానే రిఫరీ ఆఫ్‌సైడని ఈల ఊదినాడు. అందరూ ఆగిపోయినారు. ఈమె రెట్టింపు జోరుతో ఉరికి గోలు కొట్టేసింది.

"ఈల వినబడలేదా?" అని ఆ క్లబ్బు కోచ్ దీదీ మండిపడింది.

"వినబడింది దీదీ. అందుకే గదా పరిగెట్టినాను!"

దీదీకి నవ్వాగలేదు. జట్టులోకి తీసుకుంది. గార్డుగారు మాత్రం తిరుగు రైల్లో ఖరగ్‌పూర్ చేరేదాకా జేబులో ఈల మీంచి చెయ్యి తియ్యలేదు.