నీకింత, నాకింత

మా అన్నకు చర్చి పూజలో పెట్టే సత్ప్రసాదం తీసుకోవడం నేర్పిన టీచరమ్మను తలచుకుంటే ముందు ఆ మాటే వినిపిస్తుంది.

బడి టీచరు కాదు, చర్చి పాఠాలు చెప్పేది. సాస్తి బొగ్గు గని క్యాంటీన్‌లో వంట ముగించుకుని, ఆదివారం మధ్యాహ్నం బామ్ని చర్చికి వచ్చేది. చెప్పులు విడిచి, బెంచీ మీద కూలబడి, కాసేపు కళ్లు మూసుకునేది. బుద్ధి మెల్లగా ఎదిగిన, మాటలు సరిగ్గా రాని మా అన్న పక్కనే ఓపిగ్గా కూర్చునేవాడు. తర్వాత ఆమె ఫాదర్ ఇంకా ఆశీర్వదించని పల్చటి అప్పాన్ని విరిచి, "నీకింత, నాకింత" అంటూ సగం అతని అరచేతిలో పెట్టి, సగం తాను తిని చూపేది.

"ఆమెన్ అను బిడ్డా."

అన్న అనేవాడు కాదు.

"వచ్చే వారం చూద్దాం తియ్," అని మోకాళ్లు పట్టుకుని లేచేది. అలా ఏళ్లు గడిచాయి. అన్న గడ్డం నెరవసాగింది.

ఇక అన్నకు పెట్టమని ఒకరోజు ఆమె అడిగితే, "సత్ప్రసాదమంటే ఏందో ఇతనికి అర్థమైతదా?" అని ఫాదర్ అడిగారు.

"నాకే పూర్తిగ అర్థం గాలె ఫాదర్. పెట్టుండ్రి," అంది, విసుగ్గానే.

ఆ ఆదివారం పూజలో ఫాదర్ అన్న అరచేతిలో పెట్టారు. అన్న దాన్ని విరిచి, పక్కన నిలబడ్డ టీచరమ్మ నోటి దగ్గర సగం పట్టుకున్నాడు.

"నీకింత."

పూజలో అందుకున్నది ఇంకొకరికి పంచకూడదు. ఫాదర్ చెయ్యి అప్పాల గిన్నె మీదే ఆగిపోయింది. ఆమె ఆయన వైపు చూడలేదు. నోరు తెరిచి తీసుకుని, అన్న అనాల్సిన ఆమెన్ తానే అంది.