ఉదయగిరిలో తొమ్మిది సెకన్లు

ఉదయగిరి శిక్షణ గురించి మా నెల్లూరు ఆఫీసులో ఒక కథ తిరుగుతోంది. కొండ అడ్డం కావడంతో సిగ్నల్ రాలేదట, టీచర్లకు ఫోన్ పట్టుకోవడమే చేతకాలేదట, అందుకే ఆన్‌లైన్ పాఠాల పని సాయంత్రం దాకా సాగిందట. చెబుతున్నది నాతో వచ్చిన శ్రీహరి. ల్యాప్‌టాప్‌లు మోసినవాడికి కథ చెప్పే హక్కు ఉంటుంది, కాదనను. కానీ సిగ్నల్ నిక్షేపంగా ఉంది. ఆ టీచర్లు ఫోన్లు నాకంటే బాగా వాడుతున్నారు. ఆలస్యానికి కారణం నేను రాసిన ఒక నియమం. రేపు మీరెవరైనా ఇదే పని మీద అటు పోవచ్చు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆరింటికి పది నిమిషాల ముందు నెల్లూరులో బస్సెక్కాం. నేను ఆధార్ చూపించి ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్ తీసుకున్నాను. డబ్బు పెట్టి కొనుక్కున్న శ్రీహరి "ఇది అన్యాయం మేడం" అన్నాడు. "నీ టికెట్ మీద నా బ్యాగు కూడా వస్తోంది, కింద పడకుండా చూసుకో" అన్నాను.

నా పక్కన ఏఎస్ పేట దర్గాకు పోతున్న ఒక పెద్దావిడ కూర్చుంది. ఏం పని మీద పోతున్నానో అడిగింది. చెప్పాను.

"అయివార్లకే పాఠాలు చెప్తావా?" అని సంబరపడిపోయింది. "చెప్పు తల్లీ. మా మనవడి చేత గోడకుర్చీ వేయించినోడు ఆళ్ళలో యాడన్నా ఉంటాడు. నా మాటగా ఇద్దరి చేతన్నా వేయించు."

ఏడున్నరకు ఆత్మకూరు. ఆవిడ ఏఎస్ పేట ఆటో ఎక్కింది, మేం హోటలుకు పోయాం. కారం దోశ తినండి, కానీ రెండోది చెప్పేముందు నీళ్ళ సీసా నిండుగా ఉందో లేదో చూసుకోండి. శ్రీహరి చూసుకోలేదు. ఎనిమిదీ పదికి ఉదయగిరి బస్సు. ఎడమవైపు కూర్చుంటే పొద్దుటి ఎండ తగలదు. మెట్ట చేలు, వాటి మధ్య గొర్రెల మందలు. మంద రోడ్డు దాటినప్పుడల్లా డ్రైవరు ఇంజను ఆపి, "కానీండి సార్, మీకే లైసెన్సు" అని వాటికి దండం పెట్టాడు. తొమ్మిదిన్నరకు కొండ కిందికి చేరాం.

బడిలో కంప్యూటర్ల గది. పాతికమంది టీచర్లు. అందరూ ఒకే గదిలో కూర్చుని, ఒకే ఆన్‌లైన్ తరగతిలో, తలా ఒక ఫోనుతో ఒకేసారి చేరారు. గది గదంతా కూత పెట్టింది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. ఉర్దూ చెప్పే మస్తాన్ సార్ చెవులు మూసుకోకుండా తల ఊపుతూ విన్నారు.

"నా మాట నాకే ఏడుసార్లు వినపడతా ఉండాది మేడం. ఇంట్లో ఒకసారి కూడా ఎవరూ వినరు. అట్టే ఉంచండి."

ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక పాఠం ఫోనులో వీడియో తీయాలి, నాలుగింటిలోగా మేం దాన్ని సర్కారు కోర్సు జాబితాలో ఎక్కించాలి. అక్కడి నుంచి నవ్వులే. కూర్చుని చెప్పడం రాక అందరూ లేచి నిలబడతారు, ఫోను మొహాలు వదిలేసి వాళ్ళ చొక్కా బొత్తాలను తీస్తుంది. పదకొండుకల్లా అవన్నీ సర్దుకున్నాయి. సర్దుకోనిది పెంచలమ్మ టీచర్ ఒక్కరే.

వరికుంటపాడు మండలంలో లెక్కలు చెబుతారావిడ. సన్నగా, గట్టిగా ఉంటారు. ఫోను ముందు నిలబడి, "ఐదులో నుంచి రెండు ఎక్సులు తీసేస్తే పదకొండు. ఎక్స్ ఎంత?" అని అడిగి ఆగారు. ఆగినవారు ఆగినట్టే ఉన్నారు. పాఠంలో మూడు సెకన్లకు మించి మౌనం ఉంటే తిప్పి పంపాలన్నది నా నియమం. పిల్లలు విసుగొచ్చి పక్క వీడియోకు పోతారని రాశాను. ఆవిడ మౌనం తొమ్మిది సెకన్లు. మూడుసార్లు తీయించాను, మూడుసార్లూ తొమ్మిదే.

"ఎవరు చెబుతారని ఆగుతున్నారు మేడం? ఫోనా?"

"పిల్ల చెప్తాది."

"పిల్ల ఇక్కడ లేదు కదా!"

"చూసేటప్పుడు ఉంటాది గదా."

దీనికి జవాబు తట్టక, నియమం నియమమే అన్నాను. జవాబు తట్టనప్పుడే మనకు నియమాలు గుర్తొస్తాయి.

మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పుతుండగా ఆవిడే వచ్చి పక్కన కూర్చున్నారు. ఆవిడ దగ్గర చదివిన శ్రావణి అనే పిల్ల పదో తరగతిలో లెక్కలు ఒక్కటే తప్పింది. మళ్ళీ పరీక్ష మూడు వారాల్లో ఉంది. మేత కోసం ఇంటిల్లిపాదీ గొర్రెలు తోలుకుని సోమశిల వైపు పోయారు.

"ఉన్న ఫోను ఒకటే, అది నాయన చేతిలో. వాట్సాప్‌లో పంపితే ఆటలనుకుంటాడు, ఇయ్యడు. సర్కారు కోర్సులో ఉండాదంటేనే ఇస్తాడంట. నాలుగింటికి మీరు ఆ జాబితా మూసేస్తే ఆ పిల్లకు లెక్కల్లేవు మేడం."

"అయితే ఆ మౌనం కోసేయండి, ఇప్పుడే ఎక్కిస్తాను."

"కోస్తే అది నా పాఠం కాదు."

మొండితనంలో నాకు సాటి దొరకడం అరుదు. ఆనందంతో కూడిన కోపం వచ్చింది. ఆ మౌనంలో పిల్ల ఉంటుందో, విసుగొచ్చి పోతుందో పిల్లతోనే తేల్చుకుందామన్నాను. రెండింటికి ఆవిడ ఫోను కలిపి నా చేతికిచ్చారు. అవతల గొర్రెల అరుపుల మధ్య నుంచి నాయన గొంతు.

"కోర్సా, వాట్సాపా?"

"కోర్సే" అన్నాను. ఇంకా ఎక్కని పాఠానికి మాట ఇచ్చేశాను. శ్రీహరి కళ్ళు పెద్దవి చేశాడు.

పిల్ల ఫోను అందుకుంది. ఇటు ల్యాప్‌టాప్‌లో పెంచలమ్మగారి పాఠం పెట్టి, పిల్లకు వినపడేట్టు ఫోను దాని పక్కనే ఉంచాం. గదిలో అందరూ చుట్టూ మూగారు. తెర మీద టీచర్ అడిగారు: ఎక్స్ ఎంత? మౌనం. నేను వేళ్ళు మడుస్తున్నాను. ఐదు, ఆరు, ఏడు...

"మూడు!" అంది శ్రావణి.

వెంటనే పొద్దున తీసిన పాఠంలోంచి టీచర్ గొంతు: "మూడా? మైనస్ ఎక్కడ పారేసినావ్ మే?"

అవతల కీచుమని, "టీచర్! మీరు వింటా ఉండారా? మైనస్ మూడు, మైనస్ మూడు!"

గది కప్పు ఎగిరిపోయినంత నవ్వు. మస్తాన్ సార్ బల్ల చరిచారు. నేను కుర్చీలోంచి లేచి గంతేశాను, ఈ వయసులో, పట్టుచీరలో. ఒక్క పెంచలమ్మగారు మాత్రం నవ్వకుండా, "ప్రతి ఏడూ అక్కడే పారేస్తారు" అన్నారు.

"మేడం, మూడు సెకన్ల రూలు..." అని శ్రీహరి గొణిగాడు.

"రాసిన చేత్తోనే కొట్టేస్తున్నా, ఎక్కించు!"

అప్పుడు మొదలైంది అసలు గోల. "పొద్దున్నించి మా చేత కోయించినారే, మా మౌనాలు మాకు ఇప్పించండి" అని మస్తాన్ సార్ లేచారు. ఆయన వెనకాల పాతికమందీ లేచారు. మళ్ళీ తీశారు, మళ్ళీ ఆగారు, ఒకరి మౌనంలో ఇంకొకరు దగ్గి తిట్లు తిన్నారు. సాయంత్రం దాకా సాగింది దీనివల్ల, కొండ వల్ల కాదు. పెంచలమ్మగారి పాఠం మాత్రం నాలుగింటికి పది నిమిషాలుండగానే జాబితాలో చేరింది. మిగిలినవాటికి గడువు కావాలని పైవాళ్ళతో ఫోనులో పోట్లాడి ఆరు దాకా తీసుకున్నాను.

ఆరున్నర బస్సుకు పరిగెత్తాం. దారిలో ఉదయగిరికి పేరు తెచ్చిన కొయ్య స్పూన్లు కొన్నాను. మీరు వెళితే తప్పకుండా కొనండి, తేలిగ్గా ఉంటాయి. ఆత్మకూరు దాకా సీటు దొరకలేదు, అయినా కాళ్ళు నొప్పి పుట్టలేదు. ఒక రోజులో ఒక తప్పు చేసి, అదే రోజు దిద్దుకుని, మధ్యలో పులిహోర కూడా తినగలిగిన ప్రయాణం నాకు ఈ మధ్య ఇంకొకటి లేదు.

ఆత్మకూరు దాటాక సీటు దొరికి, ఆ పాఠం మళ్ళీ చూశాను. ఆ తొమ్మిది సెకన్లూ పెంచలమ్మగారు ఊరికే లేరు. కళ్ళు కెమెరా కిందికి, ముందు బెంచీ వరసలో పిల్ల కూర్చునే ఎత్తుకు దించారు. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. అక్కడే ఫోను చేసి అడిగాను.

"నేనేం అనలా మేడం, ఊరకే నిలబడినా" అన్నారు.

ఆ ముక్క పది సార్లు చూశాను. శ్రీహరి చేత నెమ్మదిగా తిప్పించి కూడా చూశాను. మీలో పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్ళు ఉంటే చెప్పండి: అడిగాక, పిల్ల జవాబు చెప్పేలోగా, మీ పెదవులు ఏమంటుంటాయి?