సున్నం డబ్బీలో పసుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కాలు నిలవని మనుషులు ఇద్దరు. ఒకరు నేను. రెండోవారు మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి. నేను పిల్లను కాబట్టి తిరిగేదాన్ని. జేజి ఎందుకు తిరిగేదో అప్పట్లో నాకు తెలీదు. ఆమె పెనిమిటి, మా జేజినాయన పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచీ ఆమె ఇంట్లోకి పోవడం, వాకిట్లోకి రావడం, పెట్టె తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. “ఏం దేవులాడతాండావత్తా?” అని అమ్మ అడిగితే, “ఏం లేదులే” అంటూ ఇంకో పెట్టె వెతకడానికి పోయేది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. మాది ముదిగుబ్బ పక్కన పల్లె. వేసిన చెనిక్కాయ, అదే వేరుశనగ పంట, పూత పట్టకముందే మాడిపోయింది. నాయన గొర్రెలను తోలుకుని, మేత దొరుకుతుందని మడకశిర దిక్కుకు వెళ్లిపోయాడు. అమ్మ కరువు పనికి పోయి రోడ్డు పక్కన కంకర కొట్టేది. పొద్దస్తమానం ఒకటే గాలి. తలుపులు కొట్టుకుంటూనే ఉండేవి, దుమ్ము అన్నంలోకి వచ్చేది, ఎవరికీ ఎక్కడా కుదురుగా కూర్చోబుద్ధి అయ్యేది కాదు.

నాకేమో బొమ్మల పిచ్చి. రంగులు కొనే రోజులు కావవి, దొరికినవే రంగులు. పొయ్యిలో బొగ్గు, ఇటుక ముక్క, ఎర్రమన్ను, చాకిరేవు నీలిమందు, వంటింట్లో పసుపు. వీటిని ఎక్కడ పడితే అక్కడ పెట్టేదాన్ని. బొగ్గు అమ్మ చీర మడతల్లో, ఇటుక ముక్క దిండు కింద. ఒకరోజు నీలిమందు పొట్లం ఎక్కడ పెట్టాలో తోచక రాగిపిండి కుండలో దాచాను. అది అందులోనే చిరిగిపోయింది. కరువు రోజుల్లో పిండి పారేస్తారా? అమ్మ పైపైన నీలం తీసేసి సంగటి కెలికింది. ఆ పూట మేం తిన్న ముద్ద మబ్బు రంగులో ఉంది.

మర్నాడు పొద్దున్నే అమ్మ గంప నెత్తికెత్తుకుని, వాకిట్లో నిలబడి నా వైపు తిరిగింది. “నేనొచ్చేలోగా నీ సామాన్లన్నీ ఒగచోట చేరల్ల. ల్యాకపోతే యాడ కనపడితే ఆడ ఎత్తి దిబ్బలో పారేస్తా. మళ్లా బొమ్మలంటే ఊరుకునేది లేదు” అని వెళ్లిపోయింది. మా అమ్మ అన్నదంటే చేసే మనిషి. నాకు ఏడుపొచ్చింది. ఇల్లంతా తిరిగి రంగులన్నీ ఏరుకొచ్చి ఒళ్లో పోసుకున్నాను. పోసుకుని ఏం చేయాలి? లేచాను, మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను.

జేజి కూడా నాలాగే తిరుగుతూ వచ్చి నన్ను చూసి ఆగింది. “కూర్చో మే, నువ్వు తిరగతాంటే నాకు కళ్లు తిరగతాండాయి” అంది. నాకు కోపమూ నవ్వూ రెండూ వచ్చాయి. ఆమె అటక మీది నుంచి అడుగు చిల్లుపడిన పాత చేట ఒకటి దించింది. పాత కాగితాలు నానేయమంది. చింతగింజల పిండి ఉడికించి జిగురు చేసింది. చిల్లులు పడిన చేటలకు ఆడవాళ్లు కాగితపు గుజ్జు మెత్తి మళ్లీ పనికి తెచ్చుకుంటారు కదా, అదే పని. కాకపోతే ఈసారి గుజ్జు మందంగా పరిచి, అది పచ్చిగా ఉండగానే అందులో కొబ్బరి చిప్పలు గుచ్చి నిలబెట్టాం. రంగు పూసే వేపపుల్లలకు వెదురు గొట్టం ముక్క, బొగ్గుకు అగ్గిపెట్టె, ఎర్రమన్నుకు పగిలిన సొరకాయ బుర్ర. ఎంత ఊపినా ఏదీ పక్కకు పడదు. గుజ్జు పిసుకుతున్నంతసేపూ మేమిద్దరం లేవలేదన్న సంగతి నేను గమనించనేలేదు. ఎండకు అది తొందరగానే బిగిసింది.

చివరికి పసుపుకు చోటు లేకపోయింది. జేజి నడుముకున్న వక్కాకు సంచిలోంచి చిన్న డబ్బీ తీసింది. జేజినాయన సున్నం డబ్బీ అది. ఆయన పంచె మడతలో ఎప్పుడూ ఉండేది.

“కడగల్లా జేజీ?” అన్నాను.

“కడిగినాలే” అంది, ఎటో చూస్తూ.

నాకు ఆత్రం. పసుపు పోశాను, నీళ్లు పోశాను, వేపపుల్లతో కలిపాను. పాత క్యాలెండరు వెనక చెనిక్కాయ చేను గీసిపెట్టుకున్నాను. మా చేను ఆ ఏడు పూయలేదు కాబట్టి బొమ్మలోనైనా పసుపుపచ్చటి పూలు పూయించాలని నా ఆశ. పుల్ల పైకి తీసేసరికి రంగు ఎర్రగా కారింది. డబ్బీలో చూస్తే అంతా ఎరుపే. పసుపులో సున్నం పడితే ఎర్రనీళ్లవుతాయని మా ఇళ్లలో పాకే పిల్లకు కూడా తెలుసు. ఎంతమందికి దిష్టి తీసిన చెయ్యి జేజిది! ఆమెకు తెలీదా?

“కడిగినానంటివే!” అని అరిచాను. ఉన్న కాస్త పసుపూ పోయిందని ఏడ్చాను.

“యాడ కడిగినా మే” అంది జేజి. “నీళ్లు ముంచుకున్యా. కడగను చేతులు రాలేదు. ఆయప్ప ఏలు పెట్టిన సున్నం కదా.”

నేను ఏడుపు ఆపేశాను. ఏడాదిగా ఆమె పెట్టెలు తెరిచి మూసేది దేనికోసమో అప్పుడు తెలిసింది. దొరకని మనిషి కోసం అన్నిచోట్లా వెతుకుతోంది.

అప్పుడే అమ్మ వచ్చింది. తలంతా కంకర దుమ్ము. నేను చేటకు అడ్డంగా కూర్చున్నాను. అమ్మ చేటను చూసింది, డబ్బీలోకి చూసింది.

“ఏమత్తా, ఎర్రనీళ్లు కలిపినావా?”

“నేను యాడ కలిపినా? మీ మామ కలిపినాడు” అంది జేజి. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

అమ్మ గంప దించి మా పక్కనే కూలబడింది. జేజి ఆ ఎరుపులో వేలు ముంచి నా నుదుట బొట్టు పెట్టింది. పెట్టీ పెట్టగానే ఉలిక్కిపడి, వేలును కొంగులో దాచుకుంది. మొగుడు పోయిన ఆడది బొట్టు పెట్టడమేమిటనే రోజులవి. ఆ ఏడాదంతా ఆమె కుంకుమ భరిణె ఉన్న వైపుకు కూడా పోలేదు. అమ్మ ఏమంటుందోనని నాకు భయమేసింది.

అమ్మ కొంగు చెరగుతో తన నుదుటి మీద దుమ్ము తుడుచుకుని, ముందుకు వంగింది.

“నాకూ పెట్టత్తా” అంది.

జేజి కదల్లేదు. అమ్మే ఆమె చెయ్యి బయటికి తీసి, ఆ వేలిని డబ్బీలో ముంచి, తన నుదుటికి ఆనించుకుంది. జేజి ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. జేజినాయన పోయిన రోజు కూడా ఆమె అంతగా ఏడవలేదని అమ్మ ఆ తర్వాత చెప్పింది. నా బొమ్మలో పూలు ఎర్రగానే పూశాయి. నా రంగులను దిబ్బలో పారేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నాది జేజి వయసుకు మించిన వయసు. ఇంట్లో చిన్నాపెద్దా ఎవరైనా ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే కసరడానికి నాకు నోరు రాదు. పక్కన కూర్చోబెట్టుకుని చేతికి ఏదో ఒక పని ఇస్తాను. ఎందుకలా ఉన్నావని అడగను. పని చేస్తూ చేస్తూ వాళ్లే చెబుతారు. చెప్పినప్పుడు మా అమ్మ వంగినట్టు వంగగలిగితే చాలనుకుంటాను.