తలుపు వేసి చెప్పే లెక్కలు

లెక్కల మాస్టారు క్లాసులోకి రాగానే ముందు తలుపు వేస్తారు. సుద్దముక్క అందుకోవడం ఆ తర్వాతే. ఈ ఏడు బడిలో ఏడో తరగతి సెక్షన్లన్నిటికీ కొత్త లెక్కల పుస్తకం వచ్చింది. సూత్రాలు చెప్పకూడదట, రంగు కాగితాలు మడిచి, కత్తిరించి, భిన్నాల సంగతి పిల్లలే కనిపెట్టాలట. ఇలా మడుస్తూ కూర్చుంటే పరీక్షలో బిక్కమొహాలు వేస్తారని ఆయన భయం. అందుకే కొత్త పుస్తకం బల్లమీద తెరిచిపెట్టి, పాత సూత్రాలే గొంతు తగ్గించి వల్లె వేయిస్తారు. ఒక చెవి ఎప్పుడూ వరండా వైపే. చెప్పుల చప్పుడైతే చాలు, మెడ మీది చెమట చేతిరుమాలుతో ఒత్తుకుంటూ చిన్నగా దగ్గుతారు. క్లాసు మొత్తం రంగు కాగితాలు అందుకుంటుంది.

ఆవేళా అలాగే దగ్గారు. తలుపు తోసుకొచ్చింది హెడ్‌మిస్ట్రెస్ అని చూడగానే ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ మాత్రం నవ్వుతున్నారు.

"మాస్టారూ, పరీక్షల్లో మీ పిల్లలే ఫస్టు! మిగతా సెక్షన్లు బాగా వెనకబడ్డాయి. అంటే లోపం పుస్తకంలో లేదన్నమాట. వచ్చే ఏడు అన్ని తరగతులకీ ఇదే పెట్టేద్దాం. రేపు టీచర్లందరూ వచ్చి, మీరెలా చెబుతున్నారో చూస్తారు."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచారు. కానీ "అలాగేనండి" అన్నారు.

ఆవిడ వెళ్లాక, పక్క సెక్షన్ల పిల్లల మొహాలు ఆయన కళ్లముందు మెదిలాయి. ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది.

"సార్, రేపు ఏ లెక్కలు చెయ్యాలి? తలుపు వేసి చేసేవా, తీసి చేసేవా?"